గడియ లేని గది

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: అమ్మ, నాన్న, నాన్నమ్మ, పిన్ని, నేను. ఇది రోజూ ఉండే లెక్కే. దాని మీద మా మేనమామ, ఆయన వెంట వచ్చిన సినిమావాళ్ళు. దర్శకుడు, కెమెరామన్, చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకున్న మైకుల ఆయన, కొత్త ఇంటిని పాతదిగానూ పాత ఇంటిని మరీ పాతదిగానూ మార్చే ఆర్ట్ మనిషి, చేతిలో నల్లపలక పట్టుకుని తిరిగే క్లాప్ అక్క, కథలో హీరోయిన్‌కి అక్కగా వేస్తున్న నటి. వీళ్ళు కాక తీగలు లాగేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, ఏం చేస్తారో చివరిదాకా మాకు తెలియనివాళ్ళు. నాన్నమ్మ వరండాలో కూర్చుని వాళ్ళని లెక్కపెట్టబోయి మధ్యలో మానేసి, "ఒక మనిషి ఏడవడానికి ఇంతమంది కావాలటే?" అంది.

ఏడుపు సీను అని మాత్రమే అప్పటికి మాకు తెలుసు.

మామయ్య సినిమాలకి మేనేజరు. ఇళ్ళు వెతకడం, భోజనాలు పెట్టించడం, ఎవరైనా అలిగితే బుజ్జగించడం ఆయన పని. "కుటుంబ కథ చెల్లీ. ఒక్క రోజు. మీ ఇంట్లో పడే వెలుతురు మీద మా కెమెరామన్ మనసు పారేసుకున్నాడు" అని అమ్మని అడిగాడు. అన్నయ్య నోరు తెరిచి అడిగితే అమ్మ కాదనలేదు. పిన్ని కూడా, "రానీ అక్కా, ఇంట్లో మీ నాలుగు మొహాలే చూసి చూసి విసుగొచ్చింది" అంది. పిన్నికి దేని మీదైనా సరదా పుట్టడమే మాకు పండగలా ఉన్న రోజులవి.

పిన్ని అమ్మకి చెల్లెలు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ జోడు తీసుకుని, బ్యాగులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచి ఇస్తుంది. "మీరు ఇన్నాళ్ళూ లోకాన్ని కాదండీ, మీ వేలిముద్రల్ని చూస్తున్నారు" అంటుంది. కొన్ని నెలలుగా సెలవులో ఉంది. సోమవారం మళ్ళీ పనిలోకి వెళ్ళాలి. షాపువాళ్ళిచ్చిన నీలం కోటు, జేబు మీద కళ్ళజోడు బొమ్మ కుట్టి ఉంటుంది, దాన్ని ముందే ఇస్త్రీ చేసి తన గదిలో తగిలించుకుంది.

సెలవు ఎందుకంటే, బంధువులకి మేము చెప్పింది కామెర్లని. నిజం అది కాదు. పిన్ని చనిపోవాలనుకుంది. ఆసుపత్రివాళ్ళు బతికించారు. ఇంతకంటే వివరంగా నేను రాయను. నోటితో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునే అలవాటు నాది, కానీ అందులో కూడా అది రాసుకోలేదు.

ఆసుపత్రి మంచం మీద అమ్మ చెయ్యి పట్టుకుని పిన్ని, "ఎవరికీ చెప్పొద్దక్కా. చెప్పగలిగిన రోజు నేనే చెప్తాను" అంది. అమ్మ మాటిచ్చింది. పక్కన ఉన్నందుకు నేనూ ఇచ్చాను. మామయ్య పళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చినప్పుడు, ఏ జబ్బని చెప్పాలో తెలియక, కాసేపు తడుముకుని, అమ్మ కామెర్లంది. అప్పటినుంచి మామయ్య ఎప్పుడు ఫోన్ చేసినా, "దాని కళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయా? నూనె పెట్టకండి" అంటాడు. "అన్నయ్య కంటికి నేనే పచ్చగా కనబడుతున్నాను, కామెర్లు ఆయనకేమో" అని పిన్ని నవ్వేది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి కొన్ని మాటలు చెప్పింది. మందులు తనంతట తను మానేయకూడదంది. గదికి కొన్నాళ్ళు గడియ వద్దంది. "ఎలా ఉంది, మళ్ళీ ఆ ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే గుర్తుచేసినట్టవుతుందని భయపడకండి" అంది. "టీవీలో అలాంటి సీన్లు వస్తే ఒంటరిగా చూడనివ్వకండి. పక్కన కూర్చోండి. అయ్యాక మాట్లాడండి" అని కూడా అంది. నాన్న ఇంటికి రాగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని పిన్ని గది గడియ ఊడదీశాడు. తలుపు మీద నాలుగు చిల్లులు మిగిలాయి.

గడియ తీయడం తేలికే అయింది. అడగడమే ఎవరికీ చేతకాలేదు. అమ్మ అడగబోతే ఏడుపొచ్చేది. నాన్న, "అన్నం తిన్నావా?" అని అడిగి అదే అడిగాననుకునేవాడు. చివరికి అడిగింది నేను. మా ఊరి బడిలో హాజరు పలికితే వినబడక మాస్టారు నాకు గైర్హాజరు వేసేవారు, అలాంటి గొంతు నాది. మామయ్య నాకు పెట్టిన పేరే గుసగుస. కానీ పిన్ని పక్కన పడుకుని చెవిలో అడగడానికి అంతకంటే గొంతు అక్కర్లేదు. "పిన్నీ, ఇవాళ ఎలా ఉంది?" అనేదాన్ని. "ఇవాళ బానే ఉందే" అనేది. లేకపోతే, "ఇవాళ బరువుగా ఉంది, కాసేపు ఎక్కడికీ వెళ్ళకు" అనేది. ఎప్పుడూ జవాబు ఎగ్గొట్టలేదు. అబద్ధమూ చెప్పలేదు.

నాన్న తనకి తోచిన నియమం ఒకటి పెట్టాడు. ఇంట్లో ఎవరూ చావు మాట ఎత్తకూడదని. అప్పుడు తెలిసింది మా నోళ్ళలో అది ఎంత నిండి ఉందో. నవ్వలేక చచ్చాం అంటాం. చచ్చినట్టు చేస్తాం అంటాం. చచ్చీ చెడీ సంపాదించాం అంటాం. తలనొప్పి చంపేస్తోంది అంటాం. ఆ నియమంతో అందరికంటే ఇబ్బంది పడింది నాన్నమ్మ. "పొద్దున్నించీ పనిచేసి చచ్..." అని నాలిక్కరుచుకుని, "...చక్కగా అలిసిపోయాను" అనేది. పిన్ని పొట్ట పట్టుకుని, "అనేయండి అత్తయ్యా! అనకపోతే మీకే ఊపిరాడేలా లేదు" అనేది. ఆ నవ్వు కోసం నాన్నమ్మ కావాలనే తడబడేదేమో అని నాకు అనుమానం.

ఇలాంటి ఇంట్లోకి సినిమావాళ్ళు వచ్చారు.

కెమెరామన్ గదులన్నీ తిరిగి, పిన్ని గది కిటికీ దగ్గర ఆగిపోయి, "ఇదే" అన్నాడు. ఆర్ట్ మనిషి తలుపు ముందుకీ వెనక్కీ తోసి చూసి, "దీనికి గడియేదండీ?" అన్నాడు.

"ఊడిపోయింది" అన్నాడు నాన్న.

"పర్లేదు, మా పెట్టెలో ఉంది" అని ఇత్తడి గడియ ఒకటి తెచ్చి బిగించడం మొదలుపెట్టాడు. కొత్త చిల్లులు పెట్టే పని కూడా లేకపోయింది అతనికి. నాన్న ఊడదీసిన గడియ చిల్లుల్లోనే సరిపోయింది. నాన్న పక్కనే నిలబడి, చెయ్యి ఒకసారి పైకెత్తి, ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.

"గడియ ఎందుకండీ?" అని అడిగాను. అతను వినిపించుకోవడానికి వంగాల్సొచ్చింది.

"భలేదానివే! గడియ లేకపోతే తలుపు బద్దలు కొట్టడమెలా? లోపల అక్క చచ్చిపోయుండాలి కదా" అన్నాడు.

క్లాప్ అక్క దగ్గర సీన్ కాగితాలుంటే అడిగి చూశాను. పాపం, ఇచ్చింది. అక్కకి మతి చలిస్తుంది. ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు. గదిలో గడియ పెట్టుకుంటుంది. ఏం చేసింది, ఎలా చేసింది అన్నది ఏ షాటు తర్వాత ఏ షాటో వరుసగా రాసి ఉంది, దగ్గరనుంచి చూపించాల్సినవాటి కింద గీతలు కూడా ఉన్నాయి. అవి నేనిక్కడ రాయను. తలుపు బద్దలు కొట్టి వచ్చిన చెల్లెలు అందరివైపూ తిరిగి అనాల్సిన మాట పెద్ద అక్షరాల్లో ఉంది: "చచ్చి సాధించింది మా అక్క!"

నేను వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ టీ వడగడుతోంది. చెప్పాను. అమ్మ గిన్నె కింద పెట్టేసింది.

"పిన్ని ఎక్కడుంది?"

"పెరట్లో మెట్ల మీద. మామయ్యకి చెప్పేద్దామమ్మా."

"ఏమని చెప్తావే? కామెర్లు కాదురా అన్నయ్యా అనా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. సోమవారం అది ఏ మొహంతో షాపుకి వెళ్తుంది? ఒట్టేయించుకుంది నా చేత." తర్వాత నాన్నని పిలిచి, "ఏవండీ, ఏదో ఒకటి చెప్పి ఆ గది మాత్రం వద్దనండి" అంది.

నాన్న అబద్ధాలు చెప్పడంలో నాకంటే అధ్వాన్నం. మామయ్య దగ్గరికి వెళ్ళి, "బావా, ఆ గది వద్దు. చెదలున్నాయి" అన్నాడు.

"చెదలా! ఇంకా మంచిది బావా. కావాలంటే డబ్బులిచ్చి పెట్టిస్తున్నాం మేము."

"గోడలో తేమ కూడా..."

"సార్, తేమ కూడా ఉందట!" అని మామయ్య లోపలికి కేకేశాడు. కెమెరామన్ బొటనవేలు చూపించాడు.

"అది కాదు బావా, ఆ గదిలో అలాంటి సీను... ఇంట్లో ఆడపిల్ల ఉంది."

"ఎవరు, గుసగుసా? దానికేం, చదువుకున్న పిల్ల. ఇది సినిమా అని తెలీదా? నువ్వు మరీ చాదస్తం బావా" అని నాన్న భుజం తట్టి భోజనాల వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు. నాన్న ఆ భుజం అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

ఇక దర్శకుడి దగ్గరికి నేనే వెళ్ళాను. రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చేశాను. మూడోసారి క్లాప్ అక్క నన్ను చూసి, "సార్, ఈ పాప మీతో ఏదో మాట్లాడాలనుకుంటోంది" అంది.

ఆయన చెడ్డవాడేమీ కాదు. కళ్ళ కింద నిద్రలేని మరకలు. నా కోసం కుర్చీ జరిపాడు. "చెప్పమ్మా."

"ఆ అక్క బతకకూడదా?"

"ఏ అక్క?"

"సీన్‌లో అక్క."

ఆయన నవ్వాడు. ఎగతాళిగా కాదు. "బతికితే కథేముందమ్మా? చెల్లెలు ఎవరి మీద పగ తీర్చుకుంటుంది?"

"పోనీ... తలుపు దాకా తీసి ఆపేయొచ్చు కదా. లోపల చూపించకుండా."

"చూపించకపోతే జనానికి ఎలా తగులుతుంది? ఏడవాలి జనం. ఏడిస్తేనే ఆలోచిస్తారు."

క్లాప్ అక్క పలక గుండెకి ఆనించుకుని, "సార్, ఎలా చేసుకుందో చూపించకూడదని మాకు క్లాసులో చెప్పారు. అప్పటికే అలాంటి బాధలో ఉన్నవాళ్ళెవరైనా చూస్తే..." అంది.

"చివర్లో హెల్ప్‌లైన్ నంబరు వేస్తున్నాంగా. పెద్ద అక్షరాల్లో" అన్నాడాయన. క్లాప్ అక్క పలక మీద సుద్ద మరక తుడుచుకుంటూ ఉండిపోయింది. చివర్లో జనం చెప్పులు వెతుక్కుంటూ లేస్తుంటారని, ఆ అక్షరాలు ఎంత పెద్దవైనా వాళ్ళ వీపులకే కనబడతాయని నాకు అనాలనిపించింది.

ఆయన నా వైపు వంగి, "ఇదంతా అవగాహన కోసమేనమ్మా. నిజంగా" అన్నాడు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. మోసగాడైతే కోపం తెచ్చుకోవచ్చు. ఈయన మీద అదీ రాలేదు. "ఎందుకడిగావు? మీకు తెలిసినవాళ్ళెవరికైనా ఇలా జరిగిందా?"

అదొక్కటే దారి. ఆయనే తలుపు తీసి పట్టుకున్నట్టుగా అడిగాడు. ఔనంటే ఆ తర్వాతి ప్రశ్న ఎవరని. ఆ జవాబు నాది కాదు, పిన్నిది.

"లేదు" అన్నాను. రోజంతటిలో ఆ ఒక్క మాటే గట్టిగా వచ్చింది.

పెరట్లోకి వెళ్ళేసరికి మెట్ల మీద పిన్ని పక్కన నటి కూర్చుని ఉంది. జుట్టంతా విరబోసి, దాన్ని ఇంకా రేపి, కళ్ళ చుట్టూ నల్లరంగు పూశారు. ఆమె కళ్ళజోడు పిన్ని చేతిలో ఉంది. గుడ్డతో మెల్లగా తుడుస్తోంది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. పిన్నికి సీను సంగతి అప్పటికే తెలిసిపోయినట్టుంది. మొహం చూస్తే మామూలుగానే ఉంది. పిన్ని మొహం మామూలుగా ఉంటే నాకు ధైర్యం రాదు.

"ఈ జుట్టేంటి ఇలాగ?" అంది పిన్ని.

"మతి పోయిన మనిషి కదక్కా."

"అయితే జడ వేసుకోదా?"

"పిచ్చిదానికి జడేంటక్కా!"

ఆ దారిన పోతున్న మామయ్య ఆగి, "ఒసేయ్, వ్యాన్‌లో వేపుళ్ళు పెడుతున్నారు, నువ్వు ముట్టుకోకు, కామెర్ల మనిషివి" అని హెచ్చరించి వెళ్ళాడు.

పిన్ని ఆయన వెళ్ళేదాకా ఆగి జోడు వెలుతురుకి ఎత్తి చూసింది. "నాకు తెలిసినావిడ ఒకావిడ ఉంది. ఆ రోజు కూడా జడ వేసుకుంది. మామూలుగా షాపుకెళ్ళింది. ఒక పెద్దాయనకి కొత్త జోడు పెడితే, ఆయన వీధిలోకి చూసి, అబ్బ, చెట్టుకి ఇన్ని ఆకులున్నాయా అన్నాడు. ఆవిడ నవ్వింది కూడా. నవ్వొచ్చే నవ్వింది."

"మరి లోపల?" అంది నటి.

"లోపలా... నీళ్ళలో మునిగి ఉంటే గట్టు మీదివాళ్ళ మాటలు వినబడతాయి చూడు, అలాగ. అందరూ మాట్లాడుతూనే ఉంటారు. నీదాకా రావు."

"ఎవరి మీద అంత కోపం అక్కా ఆవిడకి?"

"ఎవరి మీదా లేదు. బాగా అలిసిపోయింది. తను లేకపోతే ఇంట్లోవాళ్ళకి బరువు తగ్గుతుందనుకుంది. తప్పు లెక్క అది. ఆవిడ వేసిన లెక్క కూడా కాదు, జబ్బు వేసింది." పిన్ని జోడు నటి కళ్ళకి తనే పెట్టి, చెవుల వెనక సర్దింది. "ఎవర్నీ సాధించాలని మాత్రం కాదమ్మా."

ఈ సంగతులు మాకెవరికీ ఇన్నాళ్ళూ చెప్పలేదు పిన్ని. ఎలా ఉందని అడిగానే కానీ, ఎలా ఉండేదని నేను కూడా అడగలేదు. నటి పిన్ని చెయ్యి ఒకసారి నొక్కి లేచి లోపలికి వెళ్ళింది. నాకు ఆశ పుట్టింది. ఇక సీను మారుతుందనుకున్నాను.

నటినీ మామయ్యనీ వెంటేసుకుని దర్శకుడు దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి, మెట్ల కింద నేల మీదే కూర్చున్నాడు. "అమ్మా, మీరు చెప్పింది ఈమె చెప్పింది. అద్భుతం. ఆవిడ గురించి ఇంకొంచెం చెప్పండి. ఎప్పుడు పోయారావిడ?"

"పోలేదు. బతికే ఉంది" అంది పిన్ని.

"అయ్యో" అన్నాడాయన.

వెంటనే తడబడి, "అంటే... మంచిదే, మంచిదేలెండి" అన్నాడు. కావాలని అన్నది కాదు. కథ తప్పిపోయినవాడి నోట్లోంచి జారిన మాట. కానీ పిన్ని చేతిలోని గుడ్డ మడత పడుతూ పడుతూ ఆగిపోవడం నేను చూశాను. అప్పటినుంచి నాకు ఆ 'అయ్యో' తప్ప ఇంకేమీ వినబడలేదు చాలాసేపు.

"మీరు చెప్పినట్టే చేద్దాం" అంటున్నాడాయన. "విరబోసిన జుట్టు వద్దు. శుభ్రంగా జడ. పొద్దున్న షాపుకెళ్ళి వచ్చిన మనిషి. అలాంటి మనిషి ఇలా చేసిందంటేనే జనం ఉలిక్కిపడతారు. షాపు డ్రెస్సేదైనా దొరుకుతుందా?"

"మా చెల్లిదీ కళ్ళజోళ్ళ షాపే సార్!" అన్నాడు మామయ్య, సాయపడే సంతోషంతో. "కోటుంది. ఇస్త్రీ చేసి రెడీగా ఉంది." మేము లేచేలోపే లోపలికి వెళ్ళి హ్యాంగర్‌తో సహా తీసుకొచ్చేశాడు.

"అది సోమవారం కోసం మామయ్యా" అన్నాను.

"ఏంటే గుసగుసా?"

"సోమవారం..."

"సోమవారం కాదే, ఇవాళే తీసేస్తాం" అన్నాడు.

పిన్ని కోటు వైపు చూస్తూ, "సార్, ఒక్క మాట" అంది. "ఆ 'చచ్చి సాధించింది' అన్నది తీసేయండి. మిగతాది మీ ఇష్టం."

ఆయన మొహం నిజంగానే బాధగా పెట్టాడు. "పోస్టర్ల మీద పడిపోయిందమ్మా ఆ మాట. జనం నోళ్ళలో నానుతోంది."

అలా పిన్ని చెప్పినవాటిలో జడ తీసుకున్నారు, కోటు తీసుకున్నారు, చెట్టుకి ఇన్ని ఆకులా అన్న పెద్దాయన్ని కూడా తీసుకున్నారట, ఇంకో రోజు తీస్తారట. బతికి ఉండడం ఒక్కటే వదిలేశారు.

నటికి జడ పిన్నే వేసింది. ఎవరూ అడక్కముందే దువ్వెన తీసుకుంది. తనకి వేసుకున్నట్టే, చివర్న బిగించి రెండు చుట్లు తిప్పి వదిలింది. కోటు వేసుకుని నటి హాల్లోంచి నడిచి వెళ్తుంటే వెనకనుంచి చూసి నాన్నమ్మ, "అమ్మాయ్, ఇటు రావే" అని పిలిచింది. నటి తిరిగి చూసింది. నాన్నమ్మ, "చచ్..." అంది. మిగతా సగం ఏ మాటతో పూర్తి చెయ్యాలో ఆవిడకి దొరకలేదు.

అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది. "నువ్వు నాతో వంటింట్లోకి రావే."

"జడ వదులైతే ఎవరు సర్దుతారక్కా?"

"వాళ్ళు చూసుకుంటారు. రా."

"నేను చూడాలక్కా" అంది పిన్ని. గొంతు పెంచలేదు. చెయ్యి విడిపించుకుంది. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న మామయ్య వైపు చూశాడు. మామయ్య వాచీ చూసుకుని, "త్వరగా కానిద్దాం, వెలుతురు పోతోంది" అన్నాడు.

నేను వాళ్ళ వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. గది మాదే, కానీ గుర్తుపట్టలేకపోయాను. గోడలకి తేమ మరకలు గీశారు. కిటికీకి మాసిన తెర కట్టారు. పిన్ని మంచం మీద పిన్ని కోటు వేసుకుని, పిన్ని జడతో, మొహం అటు తిప్పి ఒక మనిషి పడుకుంది. మా పిన్ని బీరువాకి ఆనుకుని నిలబడి ఆ మనిషిని చూస్తోంది. అమ్మ ఏడుస్తుందని పిన్ని ఆ రోజు సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు, మేము ఎత్తనివ్వలేదు. ఇప్పుడు ఇన్ని లైట్ల కింద దాన్నంతా తన ఎదురుగా పరిచిపెట్టారు. పక్కన మాలో ఎవరూ లేరు.

"సైలెన్స్!" అన్నాడు దర్శకుడు. క్లాప్ అక్క పలక కొట్టింది. ఇటు చూడకుండా కొట్టింది.

అంత నిశ్శబ్దం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. అందులో నేను, "పిన్నీ, బయటికి రా" అన్నాను. పిన్ని తిరగలేదు. ఇంకోసారి అన్నాను.

మైకుల ఆయన చెయ్యెత్తాడు. "కట్ చేయండి సార్. ఎవరో గుసగుసలాడుతున్నారు."

"ఎవరు? ఏమంటున్నారు?"

"పిన్నీ బయటికి రా అంటున్నారు సార్. రెండుసార్లు. చాలా క్లియర్‌గా పడింది."

గదంతా నా వైపు తిరిగి నవ్వింది. "ఒసేయ్ గుసగుసా! నీ గొంతు వినబడడానికి ఇంత పెద్ద మైకు కావాలటే!" అన్నాడు మామయ్య.

అందరి చెవులూ నా దగ్గరే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక అన్ని చెవులు నాకు ఒక్కసారి దొరకడం అదే మొదలు. నోరు తెరిచాను. వాళ్ళకి చెప్పగలిగిన మాటలన్నీ పిన్నివి. నాదంటూ ఉన్నది ఆ మైకులో పడిపోయిన ఒక్క మాటే. నోరు అలాగే ఉండిపోయింది.

పిన్ని తీగలు దాటుకుంటూ వచ్చింది. నా రెండు భుజాలూ పట్టుకుని మెల్లగా గుమ్మం బయటికి నడిపించింది.

"నువ్వు ఇది చూడకూడదే" అంది.

"నువ్వూ చూడకూడదు."

"నాకు తెలిసిందేగా."

"అయితే పక్కన కూర్చుంటా. డాక్టరమ్మ చెప్పింది కదా, పక్కన కూర్చోవాలని."

"లోపల చోటు లేదే. అన్నీ తీగలే." నా నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసింది. ఒక చెయ్యి అప్పటికే తలుపు మీద ఉంది. వేళ్ళ కింద ఆ ఇత్తడి గడియ మెరుస్తోంది.

రోజూ అడిగినట్టే అడిగాను. ఇంకేమీ తోచలేదు. "పిన్నీ, ఇవాళ ఎలా ఉంది?"

పిన్ని నన్ను చూసింది. వెనక్కి తిరిగి మంచం మీది మనిషిని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. లోపల మామయ్య, "తలుపెయ్యవే, టైమైపోతోంది" అంటున్నాడు. పిన్ని పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"సైలెన్స్ అన్నారుగా" అని లోపలినుంచి తలుపు వేసేసింది.